గిలకపాము: దాని పేరు, దాని చరిత్ర

బుస కొట్టి బెదరించు పాములు మనకు క్రొత్త కావు. కాని తోక చివర పసిపిల్లల గిలక్కాయవంటి వస్తువును ధరించి, దానిని ఆడించి చప్పుడు చేయు పాము మన దేశమున ఎచ్చటను లేదు. గిలకపాములన్నియు అమెరికా ఖండములకు చెందినవి. ఉత్తర అమెరికా తూర్పు ప్రాంతములందలి అడవులలో నివసించు జాతిని శాస్త్రజ్ఞులు ‘క్రొటాలస్ హారిడస్’ అందురు. దాని కథను ఈనాడు తెలిసికొందము.

1683లో ఎడ్వర్డ్ టైసన్ అను ఆంగ్ల వైద్యుడు వర్జీనియానుండి వచ్చిన గిలకపామును లండనులోని రాయల్ సొసైటీలో కోసి పరిశీలించి, దాని అవయవములను వర్ణించెను. కంటికిని ముక్కుపుటమునకును నడుమ, ఇరుప్రక్కల, ఒక్కొక్క గుంట ఉన్నదని ఆయన గుర్తించెను. దాని ప్రయోజనము మాత్రము ఆయనకు బోధపడలేదు. ఆ చిక్కు విడుటకు రెండున్నర శతాబ్దములు పట్టినది.

1758లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లినేయస్ ‘సిస్టెమా నేచురే’ పదవ కూర్పులో ఈ పామునకు ఇప్పటి పేరు పెట్టెను. ‘క్రొటాలస్’ అను మాటకు మూలము మన చిడతలవంటి ఒక వాద్యమునకు గ్రీకులు పెట్టిన పేరు. ‘హారిడస్’ అనగా లాటిన్ భాషలో భయంకరము. సగము పేరు ప్రాణి లక్షణమునుండి వచ్చినది. తక్కిన సగము మనుష్యుని భయమునుండి వచ్చినది. లినేయస్ పెట్టిన హారిడస్, డ్యురిస్సస్ అను రెండు పేర్లలో ఏది ఉత్తర అమెరికా పామునకు చెందునో, ఏది దక్షిణ అమెరికా పామునకు చెందునో తెలియక, పండితులు చాలకాలము వానిని తారుమారు చేసి వాడిరి. 1801లో లాత్రేయ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దక్షిణ రాష్ట్రముల పామునకు ‘నల్లతోకది’ అను అర్థముతో వేరొక పేరు పెట్టెను. దానిని తరువాతివారు ఉపజాతిగా ఎంచిరి. ఆ భేదము నిలువదని 1973లో కొందరును, నిలుచునని 1986లో మరికొందరును వాదించిరి. నేడు పలువురు దానిని వేరుగా లెక్కింపరు.

గిలకపాము మన రక్తపింజరి కుటుంబములోనిదే. విశాఖపట్టణమున పనిచేసిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు 1796లో ప్రకటించిన గ్రంథమున రక్తపింజరిని ‘కాటుకరేకుల పొడ’ అను తెలుగు పేరుతోనే వర్ణించెను. అయితే రక్తపింజరికి తోకను గిలకయు లేదు, ముఖమున ఆ గుంటయు లేదు.

ఆ గుంట రహస్యము 1937లో బయటపడినది. కన్నులు కప్పినను పాము వెచ్చని వస్తువును గురి తప్పక కాటువేయుచున్నదని అమెరికా పరిశోధకులు చూపిరి. 1952లో గుంటనుండి పోవు నరము వేడికి స్పందించుటను కొలిచిరి. ఆ వేడిని పసిగట్టు ప్రోటీను ఏదో 2010లో తేలినది. చీకటిలో ఎలుక కంటికి కనబడకున్నను, దాని ఒంటి వెచ్చదనమును పాము గ్రహించును.

గిలక మన గోళ్లవంటి పదార్థముతో ఏర్పడినది. కుబుసము విడిచిన ప్రతిసారి ఒక క్రొత్త వలయము చేరును. ఏడాదికి ఒకటికంటె ఎక్కువమారులు కుబుసము విడుచుట కలదు, చివరి వలయములు విరిగిపోవుటయు కలదు. కనుక వలయములను లెక్కించి వయస్సు చెప్పుట పొరపాటు.

ఆడపాము తొలిసారి పిల్లలను కనుటకు ఏడెనిమిదేండ్లు, చల్లని ప్రాంతములలో అంతకంటె ఎక్కువ కాలము, పట్టును. ఆ పిదప సాధారణముగా మూడేండ్లకో, ఇంకను ఆలస్యముగానో, మరల కనును. గ్రుడ్లు పెట్టదు, పిల్లలనే కనును. శీతకాలము రాగానే అనేక సర్పములు ఒకే రాతి బిలమును చేరును. పిల్లపాములు పెద్దల వాసన పట్టుకొని ఆ దారి తెలిసికొనును. ఏటేట అదే బిలము. వేటగానికి ఒక్క బిలము తెలిసిన చాలును, ఆ కొండమీది పాములన్నియు దొరకును.

అట్లే జరిగినది. 1775లో స్వాతంత్ర్య పోరాటము మొదలైనపుడు, క్రిస్టఫర్ గాడ్స్‌డెన్ పేర మిగిలిన పసుపుపచ్చని పతాకముపై చుట్టచుట్టుకొన్న గిలకపాము నిలిచినది. అది తానుగా కలహమునకు దిగదనియు, ముందు హెచ్చరింపక కాటువేయదనియు ఆ ఏడాదియే ఒక పత్రికలో లేఖ వెలువడెను. దానిని బెంజమిన్ ఫ్రాంక్లిన్ వ్రాసెనని పెద్దల అభిప్రాయము. పతాకమున పూజింపబడిన ప్రాణికే, నేలమీద తలకింత వెల కట్టి బహుమానములిచ్చిరి. న్యూయార్క్ రాష్ట్రమున ఆ బహుమానములు 1970ల తొలినాళ్ల వరకు సాగినవి. 1983లో ఆ రాష్ట్రమే దానికి చట్టరక్షణ కల్పించెను. అప్పటికే మెయిన్, రోడ్ ఐలండ్ రాష్ట్రములలో అది అంతరించినది. కెనడాలో 1941 తరువాత కనబడలేదు.

విషము లేదని మనము చెప్పము. దాని కాటు ప్రాణాంతకము కాగలదు; కొన్ని ప్రాంతముల పాములలో అది నాడులను సైతము స్తంభింపజేయును. కాని ఆ గిలక మ్రోగుట మనలను తొలగి పొమ్మనుటకే. ఆ చప్పుడు విని తొలగిపోయినవానికి అపాయము తక్కువ. ఆ చప్పుడునుబట్టియే వెదకి చంపినవారి చేతిలో, పదేండ్లకు గాని ఎదుగని తరము ఒక్క మధ్యాహ్నములో పోయినది. శాస్త్రనియమము ప్రకారము లినేయస్ పెట్టిన ‘భయంకర’ నామమును ఇక మార్చుటకు వీలులేదు. ఆ పేరు వినినపుడు మనము తలచు తలపును మార్చుకొనుటకు మాత్రము ఏ నియమమును అడ్డురాదు.