పది చేతులు కలిస్తే ఒక చెయ్యి

పెళ్లి ఫొటోలో పెళ్లికొడుకూ పెళ్లికూతురూ పడతారు, పురోహితుడు పడతాడు. తెల్లవారుజామున పొయ్యి రాజేసి నాలుగొందల మందికి వండిన వంటాయన మాత్రం పడడు. ఆసుపత్రి సంగతీ ఇంచుమించు అంతే. మనవాళ్లెవరైనా కోలుకుని ఇంటికొస్తే, "ఆపరేషన్ ఎవరు చేశారు?" అని అందరూ అడుగుతారు. "తర్వాత మళ్లీ గ్లాసు పట్టుకోవడం ఎవరు నేర్పారు?" అని అడిగినవాళ్లని నేనింతవరకూ చూళ్లేదు. అందుకే నాకు రాయవేలూరు కథంటే ఇష్టం. అందులో వంటవాళ్లు కూడా కనిపిస్తారు.

రాయవేలూరు మనకి పరాయి ఊరేం కాదు. చిత్తూరు దాటితే వచ్చేస్తుంది. పెద్ద జబ్బు చేస్తే అక్కడికి వెళ్లిరావడం తెలుగిళ్లల్లో ఏనాటినుంచో ఉన్నదే. 1900లో ఐడా స్కడ్డర్ అనే డాక్టరమ్మ ఒక్క మంచంతో ఆ ఆసుపత్రి మొదలుపెట్టింది. 1918లో ఆడపిల్లల కోసమే వైద్యం నేర్పే బడి పెట్టింది. 1946లో ఆ ఆసుపత్రికి పాల్ బ్రాండ్ అనే సర్జన్ వచ్చాడు. ఇంగ్లీషు దంపతుల బిడ్డే గాని, పుట్టింది తమిళనాడు కొల్లిమలలో.

ఆ రోజుల్లో కుష్ఠువ్యాధి పేరెత్తితే ఇంట్లో గుసగుసలే. 'పెద్దరోగం' అనేవారు గాని అసలు పేరు పలికేవారు కాదు. వేళ్లు వంకరపోయి పక్షి గోళ్లలా ముడుచుకుపోయేవి. రోగం వేళ్లని తినేస్తుందని జనం నమ్మకం. నిజానికి రోగం దెబ్బతీసేది నరాల్ని. నరం చచ్చాక చేతిలోని చిన్న కండరాలు పడిపోతాయి, నొప్పి తెలియదు. నొప్పి తెలియని చేతికి దెబ్బ మీద దెబ్బ తగిలి, పుండు పడి, వేలు అరిగిపోతుంది. మోచేతి కింద కండరాలు మాత్రం చాలామందికి గట్టిగానే ఉన్నాయని బ్రాండ్ గమనించాడు. వాటిలో ఒకదాని స్నాయువును తీసి, నాలుగు పాయలుగా చీల్చి, నాలుగు వేళ్లకూ కలిపాడు. చచ్చుబడ్డ వేళ్లకి మళ్లీ బలం అందింది.

ఇక్కడితో కథ ముగిస్తే అది ఒక్క డాక్టరు కథే అయ్యేది. అసలు చిక్కు కట్టు విప్పాకే వచ్చింది. నిన్నటిదాకా వేలు ముడవడానికి పనిచేసిన కండరం ఇప్పుడు వేళ్లు చాపాలి. ఆ సంగతి మెదడుకెవరు చెబుతారు? రోగి వేలు చాపుదామనుకుంటే ఏమీ కదలదు. ఆ పని ఫిజియోథెరపిస్టులది. రూత్ థామస్ అనే ఆవిడ అక్కడ ఆ పని తలకెత్తుకుంది. బిగుసుకున్న కీళ్లని ఆపరేషన్‌కి ముందే మెత్తబరచడం, తర్వాత రోజూ పక్కన కూర్చుని ఒక్కొక్క కదలికా నేర్పించడం. పసిపిల్లకి అక్షరాలు దిద్దించినట్టే. దిద్దించే ఓపిక లేకపోతే ఎంత గొప్ప ఆపరేషనైనా గోడకి తగిలించిన వీణే.

చెయ్యి కదిలింది, సరే. కాని నొప్పి తెలియని చేత్తో ఇంట్లో ఎలా బతకాలి? మనం వేడిగిన్నె తాకగానే చెయ్యి దానంతటదే వెనక్కొస్తుంది. వాళ్లకి రాదు. కంటితో చూసి జాగ్రత్తపడాలి, పనిముట్లకి లావుపాటి పిడులు వేసుకోవాలి. ఇలా రోజువారీ పనుల్ని మళ్లీ నేర్పే విద్యే ఆక్యుపేషనల్ థెరపీ. మన దేశంలో దానికి బడి పెట్టింది కమలా నింబ్కర్, 1950లో, బొంబాయి కె.ఇ.ఎమ్. ఆసుపత్రిలో. ఆవిడ అమెరికాలో పుట్టి మన దేశపు కోడలైన మనిషి. ఇక వేలూరులో ఇంకో సాయం కూడా ఉండేది, వింటే నవ్వొస్తుంది, తర్వాత గుండె బరువెక్కుతుంది. రాత్రిళ్లు ఎలుకలు వేళ్లు కొరికినా వాళ్లకి మెలకువ రాదు. అందుకని ఇంటికెళ్లే రోగికి తోడుగా ఒక పిల్లిని ఇచ్చి పంపేవారు!

కాళ్ల సంగతి చెప్పులు కుట్టేవాళ్లు చూశారు. మెత్తటి రబ్బరు అట్టతో, పాదం కొలతకి సరిపోయేలా కుట్టిన చెప్పు పుండుని ఆపింది. ఏ మందూ చెయ్యలేని పని అది.

ఇంతా చేశాక బాగైన రోగి ఒకడు తిరిగొచ్చి, ఇవి అడుక్కోవడానికి పనికిరాని చేతులయ్యాయని చెప్పాడట. చెయ్యి బాగుంటే బిచ్చం వెయ్యరు. రోగం పేరు వింటే పని ఇవ్వరు. అప్పుడు నవజీవన కేంద్రం కట్టి, వడ్రంగం, బొమ్మల తయారీ నేర్పారు. కోలుకోవడం అంటే కుట్లు మానడం కాదు, కూలి దొరకడం కూడాను.

ఇదే ఆసుపత్రిలో మేరీ వర్గీస్ అనే యువ డాక్టరు 1954లో కారు ప్రమాదంలో నడుం కింద చలనం పోగొట్టుకుంది. కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకి ఆపరేషన్లు చేసింది. తర్వాత న్యూయార్క్ వెళ్లి పునరావాస వైద్యం చదివి వచ్చింది. 1966లో వేలూరులో పునరావాస కేంద్రం తెరిపించింది. వెన్ను విరిగినవాళ్లు మంచం దిగి కుర్చీలోకి మారడం, కుర్చీలోంచి పనిలోకి మారడం అక్కడ నేర్చుకున్నారు. చేతులకి ప్రాణం పోసిన ఈ తల్లి తాను లేచి నిలబడడానికి ఎందరి చేతుల సాయం తీసుకుందో ఆవిడకే బాగా తెలుసు. అందుకే, కోలుకోవడం డాక్టరొక్కడి పని కాదన్న మాట ఆవిడ చేతల్లోనే కనిపిస్తుంది. 1972లో పద్మశ్రీ వచ్చింది. 1986లో కన్నుమూసింది.

ఫిజియోథెరపిస్టులూ, ఆక్యుపేషనల్ థెరపిస్టులూ, ఇంకా ఇలాంటి వృత్తులవాళ్లందరికీ కలిపి మన దేశంలో జాతీయ కమిషన్ చట్టం వచ్చింది 2021లో. వేలూరులో వేళ్లకి అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టిన డెబ్భై ఏళ్లకి! ఏమాటకామాటే, ఆలస్యమైనా మంచిదే. చట్టం రాకముందూ వాళ్ల పని ఆగలేదు. ఈసారి మీ ఇంట్లో ఎవరైనా ఆసుపత్రినించి వస్తే, డాక్టరుగారికి పళ్లబుట్ట పంపించండి, తప్పులేదు. కాని, "ఒక్కసారి, ఇంకొక్కసారి" అంటూ ఆ చెయ్యి ఎత్తించిన అమ్మాయి పేరు కూడా కనుక్కోండి.