1974 నవంబరుకు ముందటి లెక్కలు

చార్మ్ క్వార్కు కథను పుస్తకాలు ఎక్కువగా 1974 నవంబరులోనే మొదలుపెడతాయి. స్టాన్‌ఫర్డ్‌లో రిక్టర్ బృందానికీ, బ్రూక్‌హేవెన్‌లో టింగ్ బృందానికీ చార్మ్ క్వార్కు ఉన్న ఒకే కణం దొరికింది, దాంతో అంతా తారుమారైంది అంటాయి. అబద్ధం కాదు గానీ సగం కథే. ఏదో కొత్తది ఉందని ఎలక్ట్రాన్-పాజిట్రాన్ యంత్రాల లెక్కలు అంతకుముందే చెబుతున్నాయి.

ఆ లెక్క పేరు ఆర్. ఎలక్ట్రాన్, పాజిట్రాన్ ఢీకొన్నప్పుడు హాడ్రాన్లు (క్వార్కులతో చేసిన కణాలు) పుట్టే రేటును మ్యువాన్ జంటలు పుట్టే రేటుతో భాగిస్తే వచ్చే సంఖ్య. సిద్ధాంతం ప్రకారం అది క్వార్కుల ఆవేశాల వర్గాల మొత్తం: అప్పటికి తెలిసిన మూడు క్వార్కులకు 2/3. ఒక్కొక్కటీ మూడు రంగుల్లో ఉంటుందనుకుంటే 2.

1961లో ఇటలీలోని ఫ్రస్కాటీలో భౌతికవేత్త టౌషెక్ చొరవతో నడిచిన ఆడా యంత్రం దారి వేసింది. 1969లో అక్కడే మొదలైన అడోనె యంత్రంలో హాడ్రాన్లు అనుకున్నదానికన్నా బాగా ఎక్కువ కనిపించాయి. అసలు పేచీ అమెరికాలోని కేంబ్రిడ్జ్ యాక్సిలరేటర్ ఫలితాలతో వచ్చింది. 4 గిగా ఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గర ఆర్ దాదాపు 4.7, 5 దగ్గర దాదాపు 6 అని 1973 నాటికి తేలింది. నమ్మినవాళ్లు తక్కువ. వాళ్లను తప్పుపట్టలేం: దొరికిన ఘటనలు కొద్ది, డిటెక్టర్ అన్ని వైపులా కమ్ముకుని లేదు, జారిపోయిన కణాలెన్నో ఒక నమూనాతో అంచనా కట్టాల్సిందే. నేటి కొలతల్లో 5 దగ్గర ఆర్ 4 లోపే. వాళ్ల అంకె ఎక్కువే వచ్చింది. అయినా ఆర్ 2 దగ్గర ఆగదన్న మాట నిలిచింది. 1974 జూలైలో లండన్ సమావేశానికి రిక్టర్ తెచ్చిన, స్టాన్‌ఫర్డ్ యంత్రం స్పియర్ ఫలితాలూ అదే చెప్పాయి. అక్కడ జాన్ ఎల్లిస్ చూపిన పట్టికలో ఆర్‌కు సిద్ధాంతాల అంచనాలు 0.36 నుంచి అనంతం దాకా ఉన్నాయి!

మరి కణం ముందే ఎందుకు దొరకలేదు? స్పియర్ మొదట శక్తిని 0.2 గిగా ఎలక్ట్రాన్‌వోల్టుల చొప్పున పెంచుతూ కొలిచింది. 3.1 దగ్గరున్న ఆ శిఖరం సహజ వెడల్పు అందులో వెయ్యో వంతు కూడా లేదు. కొన్ని రన్‌లలో రేటు ఎందుకు ఎక్కువొచ్చిందని తిరిగి తవ్వాకే అది బయటపడింది. అడోనె హద్దు 3. వార్త విన్నాక ఆ హద్దు దాటించి చూస్తే అక్కడా కనిపించింది.

ఇవాళ తక్కువ శక్తుల దగ్గర ఆర్‌ను ఒక శాతం లోపు తేడాతో కొలిచామంటున్నారు. నాకు అంత ధీమా లేదు. ఆర్‌లో భాగమైన పయాన్ జంటల రేటులో ఫ్రస్కాటీ క్లో, స్టాన్‌ఫర్డ్ బాబర్ ప్రయోగాల ఫలితాలు పొసగవు. 2023లో నోవోసిబిర్స్క్ సీఎండీ-3 రెంటికన్నా ఎక్కువ చూపింది. మ్యువాన్ అయస్కాంత భ్రామకం లెక్కకు ఈ రేటే ముఖ్య ఆధారంగా ఉండేది. 2025లో సిద్ధాంతకారులు ఈ కొలతలను పక్కనపెట్టి సిద్ధాంతం నుంచే కంప్యూటర్‌తో చేసే లాటిస్ గణనను తీసుకున్నారు. అవసరానికి అది సరే, కానీ తగాదా తీరలేదు. క్లో, బాబర్‌లు ఢీకొనక ముందే ఫోటాన్ వెలువడిన ఘటనలను వాడాయి. సీఎండీ-3 శక్తిని నేరుగా మారుస్తూ కొలిచింది. తేడా ఫోటాన్ సవరణల్లో ఉందో, కణాల గుర్తింపులో ఉందో ముందు అదే తేల్చాలి.