ఓడలో విందు, ఒంటి మీద పంచె



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శిగారు కోరినప్పుడు, మా బీజాపూరు రోడ్డు మర్రిచెట్ల గురించి రాద్దామనుకున్నాను. కాని నిరుడు మేమిద్దరం ఓడ ప్రయాణం చేసి వచ్చినప్పటి నుంచి నెలవారీ సమావేశాల్లో మిత్రులు నన్ను అడిగే ప్రశ్నలు విని మనసు మార్చుకున్నాను. సముద్రం ఎట్లా ఉందని అడిగినవారు తక్కువ. అందరూ అడిగినవి రెండే. ఏం కట్టుకున్నారు? ఏం తిన్నారు? ఈ రెండు ప్రశ్నల వెనుక చాలా చరిత్ర ఉన్నది. అందులో నా సొంత చరిత్ర కూడా కొంత ఉన్నది.

మాది చేవెళ్ల దగ్గర ఆలూరు. చిన్నతనంలో నేను చూసిన పెద్ద నీళ్లంటే గండిపేట చెరువే. 1908 మూసీ వరదల తర్వాత కట్టించి, 1920లో పూర్తిచేసిన ఆ చెరువే మాకు సముద్రం. అటువంటి మాకు అమెరికాలో ఉన్న మా అబ్బాయి అలాస్కా ఓడకు టిక్కెట్లు తీశాడు. సియాటిల్‌లో ఎక్కి మళ్లీ అక్కడే దిగడం, 7 రాత్రులు. వీసా కోసం మొయినాబాద్ మండలంలోని మన చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేశాము. వచ్చిన తర్వాత 108 చేశాము. మోకాళ్ల నొప్పులతో మా ఆవిడ ఆ 108 పూర్తిచేయడమే అసలు ప్రయాణమని నా అభిప్రాయం.

కాగితంలో ఉన్న సంగతి

టిక్కెట్టుతో పాటు సూచనల కాగితాలు వచ్చాయి. 35 సంవత్సరాలు గుమస్తాగిరీ చేసినవాణ్ణి, ఏ కాగితమైనా చివరి పంక్తి దాకా చదవడం నా అలవాటు. 7 రాత్రుల్లో 2 రాత్రులు 'ఫార్మల్ నైట్' అని ఉంది. ఆ రెండు రాత్రులూ పెద్ద భోజనశాలకు మగవారు సూటుగాని, టక్సీడోగాని వేసుకొని రావాలి. ఆడవారు విందుకు తగిన గౌను వేసుకోవాలి. ఇంకోచోట 'స్పెషాలిటీ డైనింగ్' అని ఉంది. టిక్కెట్టులో కలిసి ఉన్న భోజనం కాక, వేరే చిన్న హోటళ్లు ఓడలోనే ఉంటాయి. వాటికి విడిగా డబ్బు కట్టి, ముందుగా బల్ల రిజర్వు చేసుకోవాలి.

"నాయినా, కోటు కిరాయికి దొరుకుతది, నీ కొలతలు పంపు" అన్నాడు అబ్బాయి ఫోనులో. మా ఆవిడ పక్కనుంచి, "గీ వయసుల గౌను ఏస్కోమంటున్నరా నన్ను? నేను రాను, నువ్వే పో" అన్నది. నేను మాత్రం ఏమీ అనలేదు. అనకపోవడానికి కారణం ఉన్నది. అది ఇంతవరకు పిల్లలకు కూడా చెప్పలేదు.

1982లో ఒక పెద్ద అధికారికి బదిలీ అయితే నగరంలోని ఒక క్లబ్బులో విందు ఇచ్చారు. ఆహ్వానితుల జాబితా నేనే టైపు చేశాను. చందాల లెక్క నేనే రాశాను. జాబితాలో నా పేరు కూడా ఉన్నది. ఉన్నవాటిలో మంచిదని పెళ్లినాటి పట్టంచు పంచె కట్టుకొని వెళ్లాను. గుమ్మం దగ్గర మనిషి నా కాళ్లవైపు, పంచెవైపు చూసి, లోపలికి వీల్లేదన్నాడు. ప్యాంటు, బూట్లు ఉండాలట, అది క్లబ్బు రూలట. వరండాలో కుర్చీ వేశారు. ఎవరో దయతో ప్లేటు పంపించారు. నేను ముట్టలేదు. ఆఖరి బస్సుకు చేవెళ్లకు వచ్చి, ఆలూరు దాకా నడిచి వెళ్లి పడుకున్నాను. రూలు రూలే గదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాను. కాని ఆ రూలు ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలన్న కోరిక మాత్రం అప్పటినుంచి ఉండిపోయింది. ఈ ఓడ కాగితం వచ్చాక ఆ పని పెట్టుకున్నాను.

రూలు పుట్టుక

ఇంగ్లండు నుంచి తూర్పుదేశాలకు ప్రయాణికులను చేరవేసిన ఓడ కంపెనీల్లో ప్రసిద్ధమైనది పి అండ్ ఓ. 1837లో టపా మోయడంతో మొదలై, 1840లో రాజశాసనం పొందింది. 1844లో ఈ కంపెనీయే మధ్యధరా సముద్రంలో విహారయాత్రలు ప్రారంభించింది. థాకరే అనే ప్రఖ్యాత రచయితను ఉచితంగా తీసుకువెళితే ఆయన తిరిగివచ్చి పుస్తకం రాశాడు. 1869లో సూయెజ్ కాలువ తెరిచిన తర్వాత మన దేశానికి రాకపోకలు బాగా పెరిగాయి. అప్పటి ఓడల్లో తరగతులు గోడ కట్టినట్టు వేరుగా ఉండేవి. మొదటి తరగతివారు రాత్రి భోజనానికి ప్రత్యేక దుస్తులు వేసుకొని దిగేవారు. ఒంటిమీద బట్టే ఆ గోడకు గుర్తు.

ఇక్కడ ఒక తమాషా ఉన్నది. ఇప్పుడు మనం అతి గౌరవమైన దుస్తులనుకునే డిన్నరు కోటు అసలు ఇంటి వాడకానికి పుట్టినది. తర్వాత 7వ ఎడ్వర్డు చక్రవర్తి అయిన యువరాజు కోసం, తోకలు లేని పొట్టికోటును లండన్ దర్జీ హెన్రీ పూల్ దుకాణంలో 1865లో కుట్టారు. స్నేహితులతో తీరికగా భోంచేసేటప్పుడు వేసుకొనేందుకు అది. 1886 ప్రాంతంలో అమెరికాలో న్యూయార్కు దగ్గరి టక్సీడో పార్కులో వాడుకలోకి వచ్చి ఆ ఊరి పేరు సంపాదించుకున్నది. అంటే నిన్నటి తీరిక బట్టే నేటి రూలు బట్ట అయింది. రూళ్లు ఆకాశం నుంచి ఊడిపడవు, ఎవరో ఒక దర్జీ కుడతాడని అప్పుడు నాకు తెలిసింది.

విడిగా డబ్బు కట్టి తినే పద్ధతి కూడా ఇప్పటిది కాదు. 1905లో 'అమెరికా' అనే జర్మన్ ఓడలో, మామూలు భోజనశాలతో పనిలేకుండా కోరినప్పుడు కోరినది తినే రిట్జ్ హోటలు పెట్టారు. 1912లో మునిగిన టైటానిక్‌లో కూడా మొదటి తరగతివారికి అటువంటిది ఒకటి ఉన్నది. లుయిజీ గట్టి అనే ఇటలీ దేశస్థుడు దానిని నడిపాడు. ఓడతో పాటు ఆయనా పోయాడు.

మనవాళ్లు ఎక్కిన ఓడలు

మనవాళ్ల సంగతికి వస్తే, మొదట చెప్పవలసింది గాంధీజీ గురించే. 1888 సెప్టెంబరు 4న బొంబాయిలో ఓడ ఎక్కారు. కత్తీ ఫోర్కూ పట్టడం రాదు, ఏ పదార్థంలో మాంసం లేదో అడగడానికి సిగ్గు. అందువల్ల బల్ల దగ్గరికి పోకుండా, తాను తెచ్చుకున్న మిఠాయిలు, పండ్లు ఎక్కువగా గదిలోనే తిన్నారు. ఓడలో నల్ల సూటు వేసుకొని, తెల్ల ఫ్లానెల్ బట్టలు దిగేరోజుకని దాచుకున్నారు. సెప్టెంబరు చివర దిగి చూస్తే అటువంటి తెల్లబట్టల్లో ఉన్నది తానొక్కరే! పెట్టెలు, తాళంచెవులు ఏజెంటు చేతిలో పెట్టినందువల్ల మార్చుకొనే వీలూ లేకపోయింది. ఈ సంగతులన్నీ ఆయనే ఆత్మకథలో రాసుకున్నారు. అదే గాంధీజీ 1931లో చిన్న అంగవస్త్రంతో బకింగ్‌హాం రాజమందిరానికి వెళ్లి, 5వ జార్జి చక్రవర్తిని కలిసి వచ్చారు. మధ్యలో గడిచినది 43 ఏళ్లు. తెలుగులో మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిస్టర్ పార్వతీశం' చదివి నవ్వుకోని పెన్షనరు మనలో ఉండడు. ఆ నవ్వు వెనుక ఉన్నదీ ఈ సిగ్గే.

ఇది పై అంతస్తు కథ. కింది అంతస్తు కథ కూడా మరువరాదు. 1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. చెరకు తోటల పనికి ఒప్పందం మీద పోయిన కూలీలు అందులో ఉన్నారు. వారిలో తెలుగువారు చాలామంది. విశాఖపట్నం, కాకినాడ రేవుల నుంచి రంగూను పోయినవారికి లెక్కలేదు. బర్మాలో తెలుగువాళ్లను 'కోరంగీలు' అనేవారు. ఆ పేరు కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వచ్చింది. వారిలో అత్యధికులు డెక్కు మీద ప్రయాణం చేసినవారే. చాపే పడక, మూటే దిండు. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు ఓడ దొరకక అడవులగుండా కాలినడకన తిరిగివచ్చినవారు వేలమంది, దారిలో పోయినవారు ఎందరో. నేను అలాస్కా ఓడలో మెత్తటి కుర్చీలో కూర్చున్నప్పుడు వీళ్లు నాకు గుర్తుకొచ్చారు.

మన హైదరాబాదు మాత్రం తక్కువ తినలేదు. నిజాం దర్బారుకు షేర్వానీ, తలకు దస్తారు, నడుముకు బగ్లూసు పట్టీ ఉండవలసిందే. ఫలక్‌నుమా మహలులో 101 మంది ఒకేసారి కూర్చొనే భోజనబల్ల ఇప్పటికీ ఉన్నది. గుమ్మం దగ్గర బట్ట చూడడం ఇంగ్లీషువాళ్లు ఒక్కరే కనిపెట్టినది కాదన్నమాట. అధికారం ఉన్న ప్రతిచోటా గుమ్మం ఉన్నది, గుమ్మం దగ్గర ఒక మనిషి ఉన్నాడు.

1958 నుంచి జెట్ విమానాలు అట్లాంటిక్ దాటడం మొదలుపెట్టాక ప్రయాణికుల ఓడలకు పని తప్పింది. అవి విహార ఓడలుగా మారాయి. టిక్కెట్టు కొన్న ప్రతివాడూ పెద్ద భోజనశాలకు హక్కుదారుడయ్యాడు. 2000 నుంచి ఒక కంపెనీ వేళల నియమం, సూటు నియమం సడలిస్తే, తక్కినవి కూడా కొంతకొంత సడలించాయి. మన తెలుగు తీరానికి కూడా ఈ వినోదం వచ్చింది. 2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు విహార ఓడ నడిచింది. 2023 సెప్టెంబరులో అక్కడ ప్రత్యేక టెర్మినల్ ప్రారంభమైంది.

నేను చేసిన దరఖాస్తు

ఇదంతా తెలుసుకున్నాక ఒక పని చేశాను. "మా దేశపు గౌరవ దుస్తులైన పంచె, లాల్చీ, కండువా, చీర ఫార్మల్ నైటుకు అనుమతించగలరా?" అని ఓడ కంపెనీకి అబ్బాయి చేత ఉత్తరం పంపించాను. ఎందుకింత పట్టుదల అని వాడు అడిగాడు. అప్పుడు 1982 సంగతి చెప్పాను. ఫోనులో చాలాసేపు మాట రాలేదు. "రాస్త నాయినా" అన్నాడు. 4 రోజుల్లో జవాబు వచ్చింది. జాతీయ దుస్తులకు అభ్యంతరం లేదు, సంతోషం అని. ఆ జవాబు నకలు రెండు తీయించి, ఒకటి ఫైల్లో, ఒకటి జేబులో పెట్టుకున్నాను.

బయలుదేరే మిత్రుల కోసం అనుభవంలో తెలిసినవి కొన్ని రాస్తున్నాను. ఫార్మల్ నైటు సాధారణంగా ఓడ రేవులో ఆగని రోజున పెడతారు. రేవులో ఊరు తిరిగి అలసివచ్చిన సాయంత్రం చిన్న హోటలుకు రిజర్వు చేసుకుంటే సుఖం. రెండు ఫార్మల్ నైట్లకు రెండు జతలు అక్కర్లేదు, కండువా మారిస్తే చాలు. ఇస్త్రీపెట్టె గదిలోకి తేనివ్వరు, నిప్పు భయం. బట్టలు ఇంట్లోనే ఇస్త్రీ చేయించి సరిగ్గా మడతపెట్టుకోవాలి. పెట్టెలు గదికి చేరడానికి గంటలు పడుతుంది. గాంధీజీ అనుభవం గుర్తుంచుకొని ఒక జత బట్టలు, మందులు చేతిసంచిలోనే ఉంచుకోండి. శాకాహారమని టిక్కెట్టు తీసేటప్పుడే రాయించాలి. భోజనం రెండు వంతులుగా ఉంటే, చక్కెర వ్యాధి ఉన్నవారు మొదటి వంతు కోరుకోవడం మేలు. ఇవేవీ ఇష్టం లేకపోతే మామూలు బట్టలతో పోయి తినే ఫలహారశాల వేరే ఉండనే ఉంటుంది. అక్కడ తినడం నామోషీ కాదు.

చిన్న హోటలుకు ఇద్దరికీ కలిపి 100 డాలర్లు. మన లెక్కలో 8 వేల పైచిలుకు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అది నాకు మూడేళ్ల జీతం. వద్దంటే అబ్బాయి వినలేదు. ఇటలీవారి వంట. మా ఆవిడ రొమ్ము సంచిలోంచి కరివేపాకు పొడి పొట్లం తీసి, తెల్ల సాస్ మీద చల్లుకొని, "ఇప్పుడు రుచొచ్చింది" అన్నది. గాంధీజీ గదిలో దాక్కొని తిన్నది, ఈమె బల్ల మీదనే తిన్నది. కాలం కొంత ముందుకు వచ్చిందనే చెప్పాలి.

ఇక మొదటి ఫార్మల్ నైటు సంగతి. ఆమె పోచంపల్లి పట్టుచీర కట్టుకున్నది. నేను అదే పెళ్లినాటి పట్టంచు పంచె కట్టాను. అంచు కొంచెం చిరిగితే రఫ్ చేయించాను. భోజనశాల గుమ్మం దగ్గర నల్లకోటు యువకుడు నిలబడి ఉన్నాడు. నా చెయ్యి తనంతట తాను జేబులోని ఉత్తరం మీదికి పోయింది. అతను నా కాళ్లవైపు చూడలేదు. నమస్కరించి, బల్ల నెంబరు అడిగాడు. అంతే. మా ఆవిడ ముందు నడిచింది. నేను గుమ్మం దాటాక ఒక్క క్షణం ఆగవలసి వచ్చింది. కళ్లద్దాలు తుడుచుకున్నాను. "ఏమైంది?" అని ఆమె వెనక్కి తిరిగి అడిగితే, చలి ఎక్కువగా ఉందన్నాను.

ఆ రాత్రి వడ్డించినదంతా తిన్నాను. ఒక్క మెతుకు వదలలేదు.

కంపెనీవారి జవాబు నా ఫైల్లో భద్రంగా ఉన్నది. ఓడ ఎక్కబోయే మిత్రులెవరికైనా కావాలంటే నెలవారీ సమావేశంలో నకలు ఇవ్వగలను. అవసరం పడకపోవచ్చు. అయినా జేబులో ఉంటే మంచిది.

సెలవు.