చలికాలానికి చట్టం రాసుకున్న చోటు

డిసెంబరు వచ్చిందంటే టెక్కలి నుంచి ఫోన్ చేసినా, పలాస నుంచి చేసినా మావాళ్లది ఒకటే ప్రశ్న: "ఏట్రా, ఆ సలిలో ఎలగ బతుకుతన్నారు?" కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో నేనుండే మాంట్రియల్‌లో జనవరి రాత్రులు మైనస్ ఇరవై, ఒక్కోసారి మైనస్ ఇరవై అయిదు. గాలి తోడైతే మొహం మీద చర్మం అరగంటలోపే చచ్చుబడుతుంది. అడిగేవాళ్లంతా ఒంటి బలం గురించే అడుగుతారు. ఇక్కడివాళ్లకి పుట్టుకతోనే అలవాటనీ, మనవాళ్లే ఏదో ఓర్చుకుంటున్నారనీ వాళ్ల ఊహ. ఇక్కడి చరిత్ర చదివేకొద్దీ నాకు తెలిసింది వేరు. ఈ నేల మీద ఒంటి బలాన్ని నమ్ముకున్నవాళ్లు మొదటి చలికాలంలోనే పోయారు. మిగిలినవాళ్లు పక్కవాళ్లని అడిగి నేర్చుకున్నారు, తర్వాత నలుగురూ కలిసి ఏర్పాట్లు చేసుకున్నారు. గాలివానకి ఏటా గుండె అరచేతిలో పెట్టుకునే ఉద్దానం మనిషికి ఈ కథ చెప్పాలని నాకు చాన్నాళ్లుగా ఉంది.

మ్యాపు తీసి చూడండి. క్యుబెక్ నగరం పారిస్ కంటే దక్షిణాన ఉంటుంది. ఒకే అక్షాంశం మీదుంటే వాతావరణమూ ఒకలాగే ఉంటుందని ఐరోపావాళ్లు నమ్మిన రోజుల్లో, 1535లో, ఫ్రాన్సు నుంచి జాక్ కార్తియే మూడు ఓడలతో ఇక్కడికొచ్చాడు. ఫ్రాన్సు తీరానికి సముద్రం మీదుగా వచ్చే గాలి వెచ్చన. ఇక్కడికి వచ్చే గాలి ఉత్తర ధ్రువం వైపు నుంచి, గడ్డకట్టిన ఖండం మీదుగా దిగుతుంది. నవంబరు నడిమికల్లా ఓడలు నదిలోనే ఐసులో బిగుసుకుపోయాయి. ఏప్రిల్ నడిమి దాకా కదల్లేదు. ఉప్పు మాంసం, ఎండు రొట్టెలు తప్ప తాజా కూర, పండు లేవు. చిగుళ్లు కుళ్లి పళ్లు ఊడిపోయాయి, కాళ్లు వాచి నల్లబడ్డాయి. 110 మందిలో 25 మంది చనిపోయారు. గొయ్యి తవ్వుదామంటే నేల రాయిలా ఉంది. శవాల్ని మంచులోనే కప్పెట్టారు.

మిగిలినవాళ్లని బతికించింది దొమగాయా అనే యువకుడు. దగ్గర్లోని స్తదకొనా పల్లె నాయకుడు దొన్నకొనా కొడుకు. అతనికీ అదే జబ్బు చేసి కాలు వాచింది, కొద్ది రోజుల్లోనే లేచి తిరుగుతున్నాడు. ఎలా తగ్గిందని కార్తియే అడిగితే ఒక చెట్టు చూపించాడు. ఆకూ బెరడూ కలిపి నీళ్లలో మరిగించి తాగాలి, పిప్పిని వాచిన కాళ్లకి పట్టించాలి. తెల్ల దేవదారు జాతి చెట్టు అయ్యుంటుందని ఇప్పటి పండితుల్లో ఎక్కువమంది మాట. ఓడలవాళ్లు వారం తిరక్కుండానే ఒక పెద్ద చెట్టుని మొత్తం కషాయం కాచుకుని తాగేశారు. లేచి నడిచారు. ఆ మే నెలలో తిరిగి వెళ్తూ కార్తియే దొన్నకొనాని, దొమగాయాని, ఇంకొందరిని బలవంతంగా ఓడ ఎక్కించుకుపోయాడు. తీసుకుపోయినవాళ్లలో ఒక్క చిన్నపిల్ల తప్ప అందరూ ఫ్రాన్సులోనే చనిపోయారు. స్కూలు పుస్తకంలో కార్తియే గురించి చదువుకునే పిల్లలకి ఈ సంగతి కూడా చెప్పాల్సిందేనని నేను మా పిల్లలతో గట్టిగా అంటుంటాను.

ఆ చెట్టు సంగతి తెల్లవాళ్లలో నిలవలేదు. 1608లో ఫ్రెంచి యాత్రికుడు శాంప్లైన్ క్యుబెక్ నగరానికి పునాది వేసి 28 మందితో చలికాలం గడిపాడు. వసంతం చూసింది ఎనిమిది మంది. అంతకు నాలుగేళ్ల ముందు సెంట్ క్రాయ్ దీవిలో దిగిన 79 మంది ఫ్రెంచివాళ్లలో 35 మంది పోయారు. ఆ తర్వాత గానీ కుదురుగా నేర్చుకోలేదు. మెత్తటి మంచు మీద మనిషి కూరుకుపోకుండా కాళ్లకి కట్టుకునే వెడల్పాటి అల్లిక చెప్పులు, సామాను లాక్కుపోయే చదును చెక్క బండి, జింక తోలు చెప్పులు, అన్నీ ఆదివాసులవే. ఇంకా ఉత్తరాన ఉండే ఇన్యూట్‌లు కారిబూ జింక తోళ్లు రెండు పొరలు తొడుక్కుంటారు. లోపలి పొర బొచ్చు ఒంటివైపుకి, పైపొర బొచ్చు బయటికి. మధ్యలో నిలిచే గాలే వెచ్చదనం. ఈ రోజు నేను వేసుకునే జాకెట్టు కుట్టిన కంపెనీ ఏదైనా, దాని సూత్రం అదే.

అయితే చలిలో పుట్టినవాళ్లయినా ఏ చలిలోనైనా బతికేస్తారనుకోవడం ఎంత పొరపాటో 1953లో తెలిసింది. ఉత్తర క్యుబెక్‌లోని ఇనుక్జువాక్ నుంచి కెనడా ప్రభుత్వం కొన్ని ఇన్యూట్ కుటుంబాల్ని సుమారు 2,000 కిలోమీటర్లు ఉత్తరానికి, రెజొల్యూట్, గ్రీస్ ఫియర్డ్ అనే చోట్లకి తరలించింది. వేట బాగా దొరుకుతుంది, నచ్చకపోతే రెండేళ్లకి తిరిగి రావచ్చు అని చెప్పింది. వాళ్ల ఊళ్లో చలి ఉందిగానీ నెలల తరబడి సూర్యుడు కనిపించని చీకటి లేదు. ఏ జంతువు ఏ దారిన పోతుందో కొత్తచోట వాళ్లకి తెలీదు. పల్చటి గుడారాల్లో కాలం గడిపారు. తిరిగి పంపుతామన్న మాట నిలబెట్టలేదు. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2010 ఆగస్టులో. బతకడం తెలియడమంటే ఒక చోటు తెలియడం. ఆ చోటు నుంచి మనిషిని పెకలిస్తే ఆ తెలివి కూడా వేళ్లతో సహా ఊడిపోతుంది.

మన తెలుగువాళ్ల దుఃఖం కూడా ఇక్కడే చెప్పాలి. 2022 డిసెంబరు 26న అమెరికాలోని అరిజోనాలో, వుడ్స్ కాన్యన్ చెరువు మీద గడ్డకట్టిన ఐసు విరిగి ముగ్గురు తెలుగువాళ్లు నీళ్లలో పడి చనిపోయారు. అరిజోనా అంటే ఎడారి అనుకుంటాం, కానీ ఆ చెరువు ఎత్తైన కొండల్లో ఉంది. చెరువు తెల్లగా గట్టిగా కనిపించినంత మాత్రాన నడవడానికి పనికిరాదు. ఒక మనిషి నడవాలంటే 15 సెంటీమీటర్ల మందం ఉండాలని కెనడా రెడ్‌క్రాస్ చెబుతుంది. అది కొలిచి చెప్పే ఏర్పాటు ఉన్నచోటే కాలు పెట్టాలి. చదువుకోడానికి పిల్లల్ని పంపే పలాస, సోంపేట తల్లిదండ్రులు ఫీజుల లెక్కతో పాటు ఈ మాటా వాళ్ల చెవిన వెయ్యండి.

ఇక చట్టాలు. ఫ్రెంచి పాలన రోజుల్లోనే, మంచు కరగకముందు భూస్వాములు రైతుల్ని ఇళ్లలోంచి గెంటకూడదని ఇక్కడ కట్టడి వచ్చిందని చెబుతారు. అద్దె ఒప్పందాలు మే 1కి ముగిసే అలవాటు అలా స్థిరపడి, 1970ల్లో జులై 1కి మారింది. ఆ రోజున మాంట్రియల్ సగం ఊరు మంచాలూ ఫ్రిజ్జులూ మోసుకుంటూ రోడ్ల మీదే ఉంటుంది. ఇక్కడ ఇళ్లు ఎక్కువగా కరెంటుతోనే వెచ్చబడతాయి. అందుకని డిసెంబరు 1 నుంచి మార్చి 31 దాకా, అలాంటి ఇంట్లో కాపురముండేవాళ్లు బిల్లు కట్టలేకపోయినా ప్రభుత్వ కరెంటు సంస్థ హైడ్రో క్యుబెక్ లైను తీసెయ్యదు. బాకీ బాకీయే, వసంతంలో చూసుకుంటారు. చలికాలపు టైర్లు లేకుండా డిసెంబరు 1 తర్వాత కారు తియ్యకూడదు. మొదటిసారి ఈ నియమాలు విన్నప్పుడు నాకు ఈ దేశం మీద నిజమైన గౌరవం కలిగింది.

మంచు ఎత్తే పని చూడాలి. రెండు రోజులు కురిసి ఆగాక వీధుల్లో నారింజ రంగు బోర్డులు లేస్తాయి: ఫలానా గంట నుంచి ఈ పక్క కార్లుండకూడదు. ఆ గంటకి ముందు లాగుడు బండి సైరను మోగించుకుంటూ వీధి చివరి దాకా తిరుగుతుంది. నిద్రలో ఉన్నవాళ్లు పైజమా మీదే కోటు తగిలించుకుని కార్లు తియ్యడానికి పరిగెడతారు. వెనకే ఫుట్‌పాత్ మీద పట్టేల చక్రాల చిన్న బండి మంచుని రోడ్డు మీదికి తోస్తుంది. పెద్ద యంత్రం దాన్ని మింగి, పక్కనే నడిచే లారీలోకి ధారగా ఊదుతుంది. ఒక లారీ నిండేసరికి ఇంకోటి దాని జాగాలోకి వచ్చేస్తుంది, యంత్రం ఆగదు. ఆ మంచంతా ఊరి బయటి దిబ్బలకీ, సెంట్ మిషెల్ పేటలోని పాత రాతి క్వారీకీ చేరుతుంది. ఆ దిబ్బ వేసవిలో కూడా పూర్తిగా కరగదు. పన్ను డబ్బు ఎక్కడికి పోతుందో కళ్లెదుట కనిపించే పని ఇది.

ఇవేవీ లేని రోజుల్లో పల్లెల్లో చలికాలమంటే దారి మూసుకుపోవడమే. 1934 చలికాలంలో వాల్‌కూర్ అనే చిన్న ఊళ్లో జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియే అనే మెకానిక్ రెండేళ్ల కొడుక్కి కడుపులో చీము పట్టింది. రోడ్లన్నీ మంచులో మునిగాయి, ఆసుపత్రికి చేర్చలేకపోయారు. పిల్లవాడు చనిపోయాడు. తండ్రి అప్పటికే మంచు మీద నడిచే బండి కోసం ప్రయత్నిస్తున్నవాడు, ఇక వదల్లేదు. 1937లో పేటెంటు వచ్చింది. ఆ బండ్లు డాక్టర్లనీ, బడిపిల్లల్నీ, ఉత్తరాలనీ మోశాయి. ఇప్పటి బొంబార్డియే విమానాల పేరు ఆ మెకానిక్‌దే.

ఉద్దానం మనిషిగా నన్ను అన్నిటికంటే కదిలించింది 1998 జనవరి. 5వ తేదీ నుంచి 10 దాకా ఇక్కడ కురిసింది మంచు కాదు, వాన. పైన గాలి వెచ్చన, నేల దగ్గర సున్నాకి దిగువ. అలాంటప్పుడు చినుకు దేన్ని తాకితే దాని మీదే గడ్డకడుతుంది. బెల్లం కొమ్ములకి పాకం పట్టినట్టు ప్రతి కొమ్మకీ ప్రతి తీగకీ ఐసు పట్టింది. బరువుకి వెయ్యికి పైగా పెద్ద కరెంటు టవర్లు ఒకదాని వెంట ఒకటి కుప్పకూలాయి. స్తంభాలు వేలకి వేలు. క్యుబెక్‌లో దాదాపు 14 లక్షల కనెక్షన్లకి కరెంటు పోయింది. కొందరికి తిరిగి రావడానికి నెల దాటింది. కరెంటు లేకపోతే వెచ్చదనమూ లేదు. మాంట్రియల్‌లో నీళ్లు శుద్ధి చేసే కేంద్రాలే ఆగి, నగరంలో మంచినీళ్లు అయిపోయే గండం వచ్చింది. చలి వల్లా, మూసిన ఇళ్లలో బొగ్గు కుంపట్లు, జనరేటర్లు పెట్టుకుంటే వచ్చిన విషవాయువు వల్లా మనుషులు చనిపోయారు. సైన్యాన్ని దించారు, సుమారు 16,000 మందిని.

పలాస రైల్వే ఊరు కాబట్టి ఈ ఒక్కటి వివరంగా చెబుతాను. మాంట్రియల్ పక్కన బూషెర్‌విల్ అనే ఊళ్లో కరెంటు కోసం ఒక డీజిల్ రైలింజన్‌ని పట్టాల మీంచి దించి, తారు రోడ్డు మీదే నడిపించుకుంటూ మున్సిపల్ ఆఫీసు దాకా తెచ్చారు. ఇంజను చక్రాలు రోడ్డుని చీల్చుకుంటూ పోయాయి. అక్కడ దాన్ని జనరేటరుగా వాడి ఆఫీసు నడిపారు. మా పక్కింటి పెద్దావిడ ఆ నెలంతా ఒక బడి వ్యాయామశాలలో వందమందితో మడత మంచాల మీద పడుకుంది. ఎవరి ఇంట్లో కట్టెల పొయ్యి ఉంటే వాళ్లింట్లో మూడేసి కుటుంబాలు తలదాచుకున్నాయని చెబుతుంది. 2023 ఏప్రిల్ 5న అలాంటి వానే చిన్నగా వచ్చి, 11 లక్షల కనెక్షన్లు పోయాయి. ఆ సాయంత్రం మా వీధిలో మేపుల్ కొమ్మలు తుపాకి పేలినట్టు చప్పుడు చేస్తూ విరిగి కార్ల మీద పడ్డాయి. ఒక పుల్ల తీసి చూస్తే వేలెడు లావు గాజు కడ్డీ, లోపల చిగురు పచ్చగా కనిపిస్తోంది.

మనకి 2018 అక్టోబరు 11 తెల్లవారుజాము గుర్తొస్తుంది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలితో టిట్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో కొబ్బరి తలలు తెగిపడ్డాయి, జీడితోటలు వేళ్లతో లేచిపోయాయి, స్తంభాలు ఒరిగిపోయి మోటార్లు ఆగి తాగడానికి నీళ్లు లేవు. క్యుబెక్ రైతులు 1998లో మేపుల్ తోటల్ని అలాగే పోగొట్టుకున్నారు. 40 లీటర్ల రసం కాస్తే లీటరు పాకం వచ్చే ఆ చెట్టు, రసం తియ్యడానికి పనికొచ్చేసరికి సుమారు 40 ఏళ్లు పడుతుంది. కొబ్బరి మొక్క ఆరేడేళ్లకి కాపుకొస్తుందని మనం కాస్త ధైర్యం చెప్పుకోవచ్చు, అయినా అప్పుల మీద బతికే ఇంటికి ఆరేడేళ్లు తక్కువ కాదు.

తేడా ఆ తర్వాత ఉంది. ఇక్కడ ఇంజనీరు రోజర్ నికొలే అధ్యక్షతన కమిషన్ వేశారు. ఊళ్లు తిరిగి జనం చెప్పింది విన్నారు, 1999లో నివేదిక ఇచ్చారు. ఒక టవరు పడితే వరసంతా పడకుండా మధ్యమధ్యలో బలమైన టవర్లు నిలబెట్టారు. ఆపద వేళ ఏ ఊరు ఏం చెయ్యాలో 2001లో చట్టం చేశారు. తుపాను సంగతి పక్కనపెడితే, మన దగ్గర కూడా ఉద్దానాన్ని పీడించే కిడ్నీ జబ్బు విషయంలో ఏళ్ల తరబడి మొత్తుకున్నాక, 2023 డిసెంబరులో పలాసలో ఆసుపత్రీ పరిశోధన కేంద్రమూ, హిరమండలం నుంచి పైపుల నీళ్లూ వచ్చాయి. అడిగితే ఏర్పాటు వస్తుందని ఉద్దానానికి తెలుసు.

అందుకే ఈ సంక్రాంతికి ఇంటికొచ్చే కుర్రాళ్లకి నాదొక అభ్యర్థన. ఫోనుల్లో రికార్డింగు పెట్టి ఇచ్ఛాపురం నుంచి టెక్కలి దాకా పెద్దవాళ్లని కూర్చోబెట్టి అడగండి. టిట్లీ అప్పుడు ఎవరి నుయ్యి ఊరందరికీ నీళ్లిచ్చింది? ఏ డాబాలో ఎన్ని కుటుంబాలు తలదాచుకున్నాయి? ఏ వరసలో చెట్లు నిలబడ్డాయి, ఏ రకం కొబ్బరి ముందు పడింది? ఏ స్తంభాలు వంగలేదు? ఏ దారి మూసుకుపోయి అంబులెన్సు రాలేకపోయింది? ఊరి పేరు, తేదీ వేసి రాసి, పంచాయతీలో ఒక ప్రతి, కలెక్టరాఫీసులో ఒక ప్రతి ఇవ్వండి. టైపు చేసే పని, అచ్చు ఖర్చు ఇక్కడున్న మేం చూసుకుంటాం.