ఫలితమును బట్టి గ్రాంటు: 19వ శతాబ్దపు ఆంగ్ల కాథలిక్కు పాఠశాలలు

ఇంగ్లండునందలి కాథలిక్కు ప్రాథమిక పాఠశాలలు 1847 నుండి ప్రభుత్వ గ్రాంటునకు అర్హములైనవి. వానియందు బోధింపబడినదేమి, పరీక్షింపబడినదేమి యను ప్రశ్నను మేమిందు విచారింపనెంచితిమి; ఏలయన ఈ రెండును ఒకటి కావు.

1862లో రాబర్టు లో ప్రవేశపెట్టిన సవరణ నిబంధనావళి ఆరు తరగతుల నేర్పరచెను. ఆరేండ్లు నిండి, 200 పూటలకు మించి హాజరైన బిడ్డకు 8 షిల్లింగులు లభించును; చదువు, వ్రాత, లెక్కలు అను మూడింటిలో తప్పిన ఒక్కొక్కదానికి 2 షిల్లింగుల 8 పెన్నీలు తగ్గును. మొదటి తరగతి శిశువు ఏకాక్షర పదముల కథను చదువవలెను, 20 వరకు అంకెలు వ్రాయవలెను. ఆరవ తరగతివాడు వార్తాపత్రికలోని చిన్న పేరాను చదువవలెను.

కాథలిక్కు బడి తన ప్రాణముగా నెంచిన జ్ఞానోపదేశము ఈ లెక్కలో చేరదు. ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు దానిని ముట్టడు. మేత్రాసనము నియమించిన పరీక్షకులే ప్రశ్నోత్తరములను అడిగి చూచుచుండిరి.

ఈ బడులలో పెక్కురు పేద ఐరిషు కూలివారి బిడ్డలు. పనికి పోయి హాజరు తప్పిన బిడ్డవలన ఆ 8 షిల్లింగులును పోవును. కావున ఉపాధ్యాయుడు పాఠమును అర్థము చేయించుటకంటె వల్లె వేయించుటయే క్షేమమని తలచెను. కవియు, పాఠశాలల ఇన్‌స్పెక్టరును అగు మాథ్యూ ఆర్నాల్డు ఈ పద్ధతివలన బోధ యాంత్రికమగుచున్నదని నిరసించెను. 1890 నాటి నిబంధనలతో ఈ బంధము చాలవరకు సడలెను.

ఇట్లు ఒకే బిడ్డను రెండు పరీక్షలకు సిద్ధపరుపవలసివచ్చెను. ఒకదానిపై బడి ధ్యేయమును, వేరొకదానిపై బడి ఆదాయమును ఆధారపడెను. రెండింటను గెలిచినది కంఠపాఠమే యని మా నిర్ణయము.