గురులఘు ప్రస్తారము నుండి పాచికల లెక్క వఱకు

రెండే ఫలితములు గల యొక కార్యము పలుమార్లు జరుగుచు, ఒకమారు కలిగిన ఫలితము మఱియొకమారు కలుగబోవు దానిని ప్రభావితము చేయనప్పుడు, మనము కోరిన ఫలితము ఇన్నిమార్లు వచ్చుటకు అవకాశమెంత యని తెలుపునది ద్విపద సంభావ్యత. విద్యార్థులు నేడు దీనిని సూత్రముగా కంఠస్థము చేయుచున్నారు. కాని అమరికలను లెక్కించుట యొకటి, ఒక్కొక్క అమరికకు తగిన సంభావ్యతను కట్టుట మఱియొకటి. ఈ రెండు విచారములు వేర్వేఱు కాలములందు పుట్టి, చాల ఆలస్యముగా కలిసికొన్నవి.

మొదటిది ఛందశ్శాస్త్రమెఱిగిన వారికి చిరపరిచితము. మూడక్షరముల గణములు ఎనిమిది. వానిలో గురువు లేనిది నగణ మొక్కటే, ఒక గురువు గలవి భ జ స లు మూడు, రెండు గలవి య ర త లు మూడు, మూడును గురువులే యైనది మగణ మొక్కటి. ఒకటి, మూడు, మూడు, ఒకటి యను నీ వరుసనే 10వ శతాబ్దమున హలాయుధుడు పింగళసూత్రములను వ్యాఖ్యానించుచు మేరుప్రస్తారమున చూపెను. 9వ శతాబ్దమున మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమున సంయోగములకు సామాన్యసూత్రము చెప్పెను. ఆ గ్రంథమునే పావులూరి మల్లన తెనిగించెను.

ఇక రెండవ విచారము. 1654లో పాస్కల్, ఫెర్మా అను ఫ్రెంచి గణితజ్ఞులు, నడుమ నిలిచిపోయిన ఆటలో పందెపు సొమ్మును పంచుట యెట్లని లేఖలు వ్రాసికొనిరి. ఒకనికి ఇంక రెండు గెలుపులును, రెండవవానికి మూడును కావలసియుండగా, ఆట మఱి నాలుగు పందెములలో తప్పక ముగియును. ఆ నాలుగింటి గెలుపోటములు పదునాఱు విధములు, మొదటివానికి అనుకూలమైనవి పదునొకండు, రెండవవానికి అయిదు. ఫెర్మా పద్ధతిలోని యీ పదునాఱు వరుసలు నాలుగక్షరముల గురులఘు ప్రస్తారమే యని గుర్తించినపుడు నాకు కలుగు ఆనందము ఇంతింతనరానిది!

అయితే అచట ఇరువురి గెలుపునకు సమాన అవకాశము. అసమానమైన చోట లోకుల ఊహ యెంత తప్పునో 1693లో ఆంగ్ల దినచర్యా రచయిత శామ్యూల్ పెపీస్ న్యూటనునకు పంపిన ప్రశ్న చూపుచున్నది. ఆరు పాచికలలో కనీస మొక ఆరు పడుట, పండ్రెండింట కనీసము రెండు పడుట, పదునెనిమిదింట కనీసము మూడు పడుట, వీనిలో ఏది సులభము? సగటున ఆరు పాచికలకొక ఆరు వచ్చుట మూడింటను సమానమే గనుక మూడును ఒకటే యనిపించును. పెపీస్ మూడవదే మేలని తలచెను. మొదటిదానికి, ఒక్క ఆరును పడని అవకాశమగు 5/6 యొక్క ఆఱవ ఘాతమును ఒకటి నుండి తీసివేసిన 0.665 వచ్చును. రెండవదానికి, ఏదియు పడకపోవుటయే గాక, ఒక్కటే పడుటను గూడ తీసివేయవలెను; ఆ ఒక్కటి పండ్రెండు స్థానములలో ఎచటనైన నుండవచ్చును గనుక పండ్రెండు చేత గుణించవలెను. అట్లు లెక్కింపగా 0.619 తేలును, మూడవది 0.597 మాత్రమే. న్యూటను మొదటిదే మేలని తీర్పు చెప్పెను.

స్విట్జర్లాండు దేశపు బాసెలు నగరమున జేకబ్ బెర్నూలీ ఈ గణనమును సామాన్యరూపమునకు తెచ్చెను. ఆయన 1705లో మరణింపగా, దీనిని గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము 1713లో వెలువడెను. అవకాశము ముందుగా తెలియనపుడు అనుభవము వలన దానిని కనుగొనవచ్చునా యని ఆయన విచారించి, ప్రయోగములు పెరిగినకొలది నిష్పత్తి నిజమునకు చేరువగునని నిరూపించెను. 1733లో ఫ్రెంచి గణితజ్ఞుడు ద మ్వావ్ర్, పెద్ద సంఖ్యలకు ఈ లెక్క గంటాకారపు వక్రరేఖను సమీపించునని చూపి, శ్రమను మిక్కిలి తగ్గించెను.

బడిలో విత్తనముల మొలకను గూర్చియో, దీపముల లోపములను గూర్చియో లెక్క యిచ్చునపుడు, ప్రతిమారును అవకాశము మారక యుండునా, ఒకదాని ఫలితము వేఱొకదానిని తాకకుండునా యని ముందడుగుట సూత్రముకన్న ముఖ్యమని నా నమ్మకము. సమమని తలచు పాచికలకును ఈ ప్రశ్న తప్పదు. ఆంగ్ల జీవశాస్త్రజ్ఞుడు వెల్డన్ పండ్రెండు పాచికలను 26,306 మార్లు విసరి లెక్కింపగా, అయిదుగాని ఆరుగాని పడిన నిష్పత్తి 0.3333 గాక 0.3377 ఆయెను. 1900లో గణాంకశాస్త్రజ్ఞుడు కార్ల్ పియర్సన్ తాను క్రొత్తగా కల్పించిన పరీక్షతో ఆ అంకెలను పరిశీలించి, పాచికలు సమమైనవను ఊహ వానికి పొసగదని తేల్చెను.