స్పోర్ట్సు కార్ల రంగులు – వాటి చరిత్ర

ఇటలీ దేశపు స్పోర్ట్సు కారు అనగానే ఎరుపు, ఇంగ్లండు కారు అనగానే ముదురు ఆకుపచ్చ, జర్మనీ కారు అనగానే వెండి రంగు కండ్ల ముందు మెదలును. ఇది కేవలము తయారుచేయువారి అభిరుచి అని పైకి తోచును. కాని చరిత్రను పరిశీలించినచో, కారు రంగును నిర్ణయించునవి ముఖ్యముగా మూడు అని తెలియగలదు. అవి పందెపు నియమములు, రసాయన శాస్త్రము, కారు ఆకృతి. ఈ మూడును ఒకదాని వెంట ఒకటి ఎట్లు రంగములోనికి వచ్చినవో చూతము.

న్యూయార్కు హెరాల్డు పత్రిక యజమాని జేమ్స్ గోర్డన్ బెన్నెట్ నెలకొల్పిన కప్పు కొరకు 1900లో పారిస్ నుండి లియాన్ వరకు మొదటి పందెము జరిగినది. ఇది వ్యక్తుల మధ్య పోటీ కాదు, దేశముల మధ్య పోటీ. కారులోని ప్రతి భాగమును ఆ దేశములోనే తయారు కావలెనని నియమము. దుమ్ము లేపుకొనుచు దూసుకొనిపోవు కారు ఏ దేశముదో దారి పొడవునా నిలుచున్న ప్రజలకు దూరమునుండియే తెలియవలెను గదా! అందుకని ఒక్కొక్క దేశమునకు ఒక్కొక్క రంగు కేటాయించినారు. ఫ్రాన్సుకు నీలము, బెల్జియమునకు పసుపు, జర్మనీకి తెలుపు, అమెరికాకు ఎరుపు వచ్చినవి. 1902లో ఎడ్జ్ అను ఆయన నేపియర్ కారుతో ఈ కప్పును గెలిచినందున మరుసటి పందెమును జరుపు బాధ్యత బ్రిటనుపై పడినది. ఆ రోజులలో ఇంగ్లండు రోడ్లపై పందెములకు చట్టము ఒప్పుకొనెడిది కాదు. కనుక 1903 పందెమును ఐర్లండులో జరిపినారు. అప్పుడు బ్రిటిషు కార్లకు వేసిన ఆకుపచ్చ ఐర్లండు పట్ల గౌరవ సూచకమని చెప్పుదురు.

1907 జూన్ 10న పెకింగు నగరమునుండి పారిస్ నగరమునకు ఒక సాహస యాత్రా పందెము ప్రారంభమైనది. ఆగస్టు 10న అందరికంటె ముందు పారిస్ చేరిన ఇటాలా కారు ఎర్రనిదని చెప్పుదురు. దానిని నడిపించినది ఇటలీ ప్రభువంశీయుడు బోర్ఘేసే. క్రమముగా ఎరుపు ఇటలీ రంగుగా స్థిరపడినది. అమెరికా వారు తరువాత తెలుపును, నీలమును ఎంచుకొన్నారు.

ఈ రంగులు ఎంత గట్టి గుర్తులైనవో చూడుడు. 1924లో సిసిలీ ద్వీపములో జరిగిన టార్గా ఫ్లోరియో పందెమునకు జర్మనీ వారి మెర్సిడిస్ కార్లు తెలుపు మాని ఎర్ర రంగుతో వచ్చినవి. అచ్చటి జనము దూరమునుండి పరాయి కారని పసిగట్టకుండుటకే ఈ ఉపాయము. ఆ యేడు గెలుపు మెర్సిడిస్ కారు నడిపిన వెర్నర్‌దే!

ఇక జర్మనీ తెలుపు వెండిగా మారిన కథ. 1934లో పందెపు కార్ల బరువు డ్రైవరు, ఇంధనము, నూనె, నీరు, టైర్లు మినహా 750 కిలోగ్రాములు మించరాదను నియమము అమలులోనికి వచ్చినది. నూర్‌బుర్గ్‌రింగులో జరిగిన ఐఫెల్ పందెమునకు ముందు మెర్సిడిస్ కారు 751 కిలోగ్రాములు తూగినదట. జట్టు నాయకుడు నాయ్‌బావర్ రాత్రికి రాత్రి తెల్ల రంగును గీకించివేయగా లోపలి అల్యూమినియం రేకు తళతళలాడినదట. 'వెండి బాణములు' అను పేరుకు ఇదియే మూలమని లోకము నమ్మినది.

ఇది సాధ్యమా? లెక్క వేసి చూతము. కారు పైభాగపు వైశాల్యము 8 చదరపు మీటర్లు, పూత మందము మిల్లీమీటరులో పదవ వంతు అనుకొందము. అప్పుడు పూత ఘనపరిమాణము 0.8 లీటరు అగును. లీటరు పూత బరువు 1.3 కిలోగ్రాములైనచో మొత్తము బరువు సుమారు ఒక కిలోగ్రాము! కథ లెక్కకు చక్కగా సరిపోయినది. కాని సాధ్యమగుట వేరు, జరుగుట వేరు. ఆ నాటి ఐఫెల్ పందెమునకు బరువు నియమము వర్తింపనే లేదని చరిత్రకారులు ఎత్తి చూపినారు. అంతేకాక, 1932లోనే బెర్లిన్ నగరపు ఆవుస్ మార్గముపై ఫాన్ బ్రౌఖిచ్ గెలిచిన మెర్సిడిస్ కారు వెండి రంగుది. కథను విస్తరించి చెప్పిన నాయ్‌బావర్ జ్ఞాపకముల గ్రంథము 1958లో, అనగా సంఘటనకు 24 ఏండ్ల తరువాత వెలువడినది. లెక్క కుదిరినంత మాత్రమున కథ నిజము కాదు. దానికి సాక్ష్యము కూడ కావలెను. విద్యార్థులు విజ్ఞాన శాస్త్రములోనేగాక చరిత్రలోను జ్ఞాపకముంచుకొనవలసిన సూత్రమిది.

పందెములు ఇట్లుండగా, బజారులో అమ్ము కార్ల రంగులను రసాయన శాస్త్రము శాసించుచుండెను. తొలినాటి కార్లకు గుర్రపు బండ్లకు వలెనే నూనెతో కూడిన వార్నిషు పూతలు వేసెడివారు. పూత మీద పూత ఆరుటకు వారములు పట్టెడిది. ఫోర్డు కంపెనీ తన 'మోడల్ టి' కారును 1914 నుండి 1925 వరకు నలుపులోనే తయారుచేసినది. నలుపు చౌక, మన్నిక గలది. ఒకే రంగైనచో పని వేగముగా సాగును. ఇంతలో డ్యూపాంట్, జనరల్ మోటార్స్ కంపెనీలు కలసి 'డ్యూకో' అను నైట్రోసెల్యులోజు పూతను సిద్ధపరచినవి. 1924 నమూనా ఓక్లండు కార్లు నీలి రంగు డ్యూకోతో వెలువడినవి. ఈ పూత వారములలో కాక గంటలలో ఆరును. దానితో రంగురంగుల కార్లను పెద్ద ఎత్తున తయారుచేయుట సాధ్యమైనది. 1927లో జనరల్ మోటార్స్ వారు ఆకృతికి, రంగుకు ప్రత్యేక విభాగమునే ఏర్పరచి హార్లీ ఎర్ల్‌ను దానికి అధిపతిగా నియమించినారు.

పూత ఆరిన చాలదు, ఎండకు వెలియకుండవలెను. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములు అనేక వర్ణద్రవ్యముల అణువులను విచ్ఛిన్నము చేయును. 1935లో బజారులోనికి వచ్చిన రాగి థాలోసయనిన్ నీలమునకు, 1958లో డ్యూపాంట్ వారు విడుదల చేసిన క్వినాక్రిడోన్ ఎరుపులకు ఎండను తట్టుకొను శక్తి మెండు. మన్నికగల వర్ణద్రవ్యములు ఒక్కొక్కటే చేతికి వచ్చిన కొలదియు తయారుచేయువారి ఎంపిక విస్తరించినది.

మూడవది ఆకృతి. వెండి రంగు పూతలో సన్నని అల్యూమినియం పలుకులు ఉండును. పూత ఆరునప్పుడు అవి చాలవరకు ఉపరితలమునకు సమాంతరముగా పడుకొనును. కనుక కాంతి తిన్నగా పడి తిరిగివచ్చు చోట మెరుపు, ప్రక్కనుండి చూచిన చోట నీడ కనబడును. కారు వంపులు తీర్చిదిద్దినట్లు తెలియుటకు కారణమిదియే. 1954లో వెలువడిన మెర్సిడిస్ 300 ఎస్ఎల్ కారుకు వెండి బూడిద రంగే ప్రామాణికమైనది. అందులో పందెపు జ్ఞాపకమును, వంపుల అందమును రెండును కలసివచ్చినవి.

1953లో అమెరికాలో షెవ్రొలే కంపెనీ గాజునార శరీరముతో కార్వెట్ స్పోర్ట్సు కారును ప్రవేశపెట్టినది. ఆ యేడు తయారైన 300 కార్లును తెల్లనివే. లోపలి కుర్చీలు ఎర్రనివి. కొత్త పదార్థముతో కొత్త కారును కట్టునప్పుడు ఒకే రంగుతో పని సులువగును. మరుసటి ఏడు నీలము, ఎరుపు, నలుపు చేరినవి. ఇటలీలో లంబోర్గిని మార్గము వేరు. ఆ కంపెనీ స్థాపకుడు పందెములకు విముఖుడు. పందెపు ఎరుపు తనకు అక్కరలేదు. 1966 జెనీవా ప్రదర్శనలో ఆయన మియురా కారు నారింజ రంగులో మెరసినది. ఫెరారీ నుండి వేరుగా కనబడుటకు అంతకంటె మంచి మార్గమేమున్నది!

దేశపు రంగుల కట్టుబాటు క్రమముగా సడలినది. 1964లో ఇటలీ మోటారు సంఘముతో తగవు పడి ఫెరారీ తన చివరి రెండు పందెములలో కార్లను నీలము, తెలుపులతో దింపినది. సర్టీస్ ఆ రంగులలోనే ప్రపంచ విజేత అయినాడు. 1968లో బ్రిటిషు లోటస్ కార్లు ఆకుపచ్చను వదలి, ధనసహాయము చేసిన పొగాకు కంపెనీ రంగులు ధరించినవి. నియమము పోయినను ఎరుపు ఫెరారీని విడువలేదు. కట్టుబాటుగా వచ్చినది కంపెనీకి చిహ్నముగా మిగిలినది.

ఈనాడు కొత్త నమూనాకు రంగు ఎంచునప్పుడు చిత్రకారులు, రసాయన శాస్త్రజ్ఞులు కలసి పనిచేయుదురు. రంగును వంపులుగల రేకుపై పూసి ఎండలోను, నీడలోను పరీక్షింతురు. ఎండ, తేమ హెచ్చుగానున్న అమెరికాలోని ఫ్లోరిడా వంటి చోట్ల పూత రేకులను ఏండ్ల తరబడి ఆరుబయట ఉంచి వెలియునేమో చూతురు. గీత పడినచో అదే రంగు మరల కలుపుట కుదురునా అనియు ఆలోచింతురు.

తరగతిలో ఒక చిన్న ప్రయోగము చేయవచ్చును. ఒక సీసాకు తెల్ల కాగితమును, మరొక సీసాకు అల్యూమినియం రేకును నునుపుగా చుట్టి కిటికీ వద్ద నిలిపి ప్రక్కలనుండి చూడుడు. ఏ సీసా వంపు బాగుగా తెలియుచున్నదో విద్యార్థులే చెప్పగలరు. వెండి రంగు కార్లకు ఎందుకు కుదిరినదో అప్పుడు వేరుగా వివరింప పనిలేదు.